ప్యాన్, టిల్ట్, కేస్లాపూర్

2024 సెప్టెంబర్ 8, ఆదివారం. కరీంనగర్

స్టాండు మీది బాల్ హెడ్‌తో వీడియో నడవదు. లోయర్ మానేరు కట్ట మీద ఇయ్యాల అది ఖాయమైంది.

ఎడమ నుంచి కుడికి నీళ్ల మీదుగా కెమెరా తిప్పితే, మొదట సాపుగా ఉన్న నీటి గీత చివరికి వచ్చేసరికి పక్కకు ఒరిగింది. కారణం పెద్ద రహస్యమేం కాదు. మామూలు బాల్ హెడ్‌లో తిరిగే పళ్లెం బంతి కింద ఉంటది. కాళ్లు సమంగా లేకుంటే, పైన బంతిని ఎంత సరిచేసినా, పళ్లెం తిరుగుతున్నకొద్దీ కింది వంపు బయటపడ్తది. ఫొటోకైతే షట్టరు పడే ఆ క్షణం సమంగా ఉంటే చాలు. టవర్ సర్కిల్ రద్దీలో అయితే ఈ వంపు ఎవరి కంటికీ ఆనేది కాదు. మానేరు నీళ్లు మాత్రం ఆ కొస నుంచి ఈ కొస దాకా గీసిన గీత. దాని ముందు ఏ వంపూ దాగదు.

ఇంకో బాధ, బంతి వదులు చేస్తే అన్ని దిక్కులా ఒక్కసారే వదులైతది. కిందికి వంచుదామంటే పక్కకు కూడా ఒరుగుతది. కొంచెం బిగిస్తే పట్టేస్తది, తోస్తే ఎగిరి దూకుతది.

ఫొటోలో హెడ్ పని కదలకుండ పట్టుకునుడు. వీడియోలో అదే హెడ్ కదలాలె, కదిలేటప్పుడు చేతికి కొంచెం అడ్డుపడాలె, ఆపిన చోట వణకకుండ ఆగాలె. మూడు పిడుల పాత హెడ్ కూడా ఇంట్లో ఉంది. ఒక్కో దిక్కుకు ఒక్కో పిడి. గుడి గోపురం సూటిగా తీయడానికి దానికి మించింది లేదు. తిప్పితే అదీ గరగరమంటది.

సెప్టెంబర్ 12, గురువారం

జగిత్యాల అన్న వచ్చిండు. వీహెచ్‌ఎస్ కాలం నుంచి పెండ్లి వీడియోలు తీస్తున్న మనిషి. భుజం కెమెరాలు మోసి మోసి ఆయన కుడి భుజం ఇప్పటికీ ఎడమదానికంటే కిందికి ఉంటది. "ఏ కంపెనీ హెడ్ కొనాలె అన్నా?" అంటే, "ముందుగాల కాంట మీద పెట్టు తమ్మీ, కంపెనీ సంగతి తర్వాత" అన్నడు.

పక్క కిరాణం దుకాణంలో కాంట మీద పెట్టినం. కెమెరా నికాన్ జెడ్6-2, బ్యాటరీ, కార్డుతో 705 గ్రాములు. 24-120 లెన్సు 630. మైకు, రిసీవరు, కింది ప్లేటు కలిపి పావు కిలో. అంటే మామూలుగా పెండ్లిలో తిరిగే బరువు కిలో ఆరువందలు. 70-200 లెన్సు కాలరుతో 1440 గ్రాములు. అది తగిలిస్తే మొత్తం రెండు కిలోల నాలుగు వందలకు పోతది. దుకాణపాయన నవ్విండు, "కిలో ఎంతకిస్తవ్?" అని.

ఈ రెండు అంకెలే అసలు సరుకు అంటడు అన్న. కెమెరా బరువంతా హెడ్ వంగే ఇరుసుకు పైన ఉంటది. నిటారుగా ఉన్నంతసేపు బాధ లేదు. ముందుకు వంచినకొద్దీ బరువు ఇంకింత ముందుకు లాగుతది. ఆ లాగుడుకు ఎదురు లాగడానికి మంచి హెడ్‌లో స్ప్రింగు ఉంటది. దాన్నే కౌంటర్ బ్యాలెన్స్ అంటరు. స్ప్రింగు తక్కువైతే కెమెరా ముక్కు కిందికి పడ్తది, ఎక్కువైతే లేచి వెనక్కి వస్తది. సరిపోతే ఏ కోణంలో వదిలితే అక్కడే నిలబడ్తది.

డబ్బా మీద రాసిన కిలోలను నమ్మొద్దన్నడు. అది హెడ్ విరగకుండ మోసే బరువు. స్ప్రింగు నిలబెట్టే బరువు వేరు. మాన్‌ఫ్రోటో 500 సంగతే చూస్తే, మోసేది 5 కిలోలు, స్ప్రింగు లెక్క 2.4 కిలోలు, అదీ మార్చే వీలు లేకుండ. నా 70-200 సరంజామాకు అచ్చంగా అతికినట్టే ఉంది. 24-120 పెడితే మాత్రం వంచినప్పుడల్లా వెనక్కి తోస్తది. ఎక్కువ మోసేదే మంచిదని ఎనిమిది కిలోల హెడ్ కొన్నోడు చిన్న కెమెరాతో కుస్తీ పట్టాలె. "పెద్ద స్ప్రింగు మీద చిన్న కెమెరా తమ్మీ, ఎడ్లబండికి మేకపిల్లను కట్టినట్టే" అన్నడు అన్న.

సెప్టెంబర్ 24, మంగళవారం. హైదరాబాద్

కోఠి గల్లీల్లో మధ్యాహ్నం దాకా తిరిగిన. నా కెమెరా, రెండు లెన్సులు సంచిలో వేసుకునే పోయిన. ఖాళీ హెడ్‌ను చేత్తో తిప్పి "మస్తు నున్నగ ఉంది" అనుకునుడు దండగ. బరువు లేకుండ ఏ హెడ్ అయినా నున్నగనే తిరుగుతది.

చవక స్టాండ్ల మీద కూడా 'ఫ్లూయిడ్' అని పెద్ద అక్షరాలతో ఉంటది. లోపల చాలా వాటిలో ఉండేది రెండు పలకల నడుమ రాపిడి, పైన ఇంత గ్రీజు. తేడా కదలిక మొదలయ్యే క్షణంలో దొరికిపోతది. రాపిడి మీద నడిచేదాన్ని కదిలించడానికి ఎక్కువ బలం కావాలె, కదిలినంక తక్కువ చాలు. అందుకే మొదట పట్టేసి తర్వాత దుముకుతది. అసలు ఫ్లూయిడ్ హెడ్‌లో పలకల నడుమ చిక్కటి ద్రవం ఉంటది, పలకలు ఒకదాన్నొకటి ముట్టవు. మెల్లగా తోస్తే మెల్లగా దారి ఇస్తది, విసురుగా తోస్తే అంత గట్టిగా ఎదురు నిలుస్తది. అంటే చేతి అదురును అదే మింగుతది. ఈ ఎదురునే డ్రాగ్ అంటరు.

ఒక దుకాణంలో రెండు హెడ్లు పక్కపక్కన పెట్టించిన. 70-200 ను 200 మీద పెట్టి, ఎదురు గల్లీలో ఒక బోర్డు మీది అక్షరాన్ని ఫ్రేము నడుమకు తెచ్చి, ప్యాన్ చేసి ఆపి, పిడి వదిలేసిన. ఒకటి ఆగిన చోటు నుంచి వెంట్రుక వాసి వెనక్కి జరిగింది. ఇంకోటి నిలబడ్డది. తర్వాత లాక్ తిప్పితే బోర్డు ఎంత జరుగుతదో చూసిన. ప్రతిదీ ఎంతో కొంత జరిగింది. 24 మీద ఇవేవీ కనబడవు, కాబట్టి పొడుగు లెన్సు లేకుండ హెడ్ కొనడానికి పోవుడు కండ్లద్దాలు లేకుండ చీర కొనుడే.

దుకాణపాయన ఓపిక గలోడు. చివరికి ఆయనే అడిగిండు, "కాళ్లకు బౌల్ ఉందా భయ్యా?" అని. హెడ్ కూర్చునే గిన్నె అన్నమాట. లేదు. అక్కడ ఆగింది బేరం.

సెప్టెంబర్ 28, శనివారం. పెద్దపల్లి

అన్న దగ్గరున్న పాత హెడ్ అడుక్కొచ్చి, ఊరి బయట పొలం గట్టు మీద నిలబడి కాజీపేట–బల్లార్ష లైను మీద పోయే గూడ్సులను తీసిన. బొగ్గు వ్యాగన్ల బారు ఎంతసేపటికీ అయిపోదు, నేర్చుకునేటోనికి అంతకంటే మంచి గురువు ఏది?

రైళ్లకూ ఈ హెడ్లకూ పాత చుట్టరికమే. 1940లలో ఆస్ట్రేలియాలో ఎరిక్ మిల్లర్ ఫ్లూయిడ్ హెడ్ తయారు చేస్తే, అమెరికాలో చాడ్‌వెల్ ఓకానర్ అనే ఇంజనీరు ఆవిరి రైళ్లను ఫిల్ము తీసే సరదాలో, తిప్పేటప్పుడు వచ్చే కుదుపు భరించలేక తన హెడ్ తానే చేసుకున్నడు. అదే రైలు పిచ్చి ఉన్న వాల్ట్ డిస్నీ అది చూసి తన ప్రకృతి చిత్రాల కోసం చేయించుకున్నడు. ఓకానర్ పేరుతో ఆ హెడ్లు ఇప్పటికీ సినిమా సెట్ల మీద ఉన్నయి.

రైలు దూరాన ఉన్నప్పుడు ఫ్రేములో కదిలీ కదలనట్టే ఉంటది. ఎదురుగా వచ్చినప్పుడు ఒక్కసారిగా వేగం. దాటిపోయినంక మళ్లీ నిదానం. డ్రాగ్ ఎక్కువ పెడితే మొదటి భాగం నున్నగా వస్తది, నడుమ చెయ్యి వెనకబడ్తది. తక్కువ పెడితే నడుమ బాగుంటది, మొదట అదురు తెలుస్తది. నడిమి రకం పెట్టి, రైలు దగ్గరికి వచ్చేముందే చేతి వేగం పెంచుకుంట పోతే కుదిరింది.

అన్న చెప్పిన కిటుకు ఇంకోటి. ప్యాన్ ఎక్కడ ఆగాలెనో అటువైపే కాళ్లు పెట్టి నిలబడాలె. నడుము మెలితిప్పి మొదలు పెట్టాలె, తిరిగినకొద్దీ మెలి విప్పుకోవాలె. మనిషి సుఖంగా ఉన్నప్పుడే ఆగుడు నున్నగా ఉంటది. నేను ఇన్నాళ్లూ దీనికి ఉల్టా నిలబడ్తున్న.

ఇంకో సంగతి: ఖాళీ దృశ్యం మీద ప్యాన్ చేసేటప్పుడు, ఏదైనా వస్తువు తెర ఈ అంచు నుంచి ఆ అంచుకు పోవడానికి ఏడు సెకన్లన్నా పట్టాలంటరు, లేకుంటే చెట్లు, స్తంభాలు గతుకులు గతుకులుగా కనబడ్తయి. రైలు వెంట తిప్పినప్పుడు ఆ లెక్క అక్కర్లేదు. కన్ను ఇంజను మీదనే ఉంటది, వెనక పొలాలు చెదిరిపోయినా ఎవరూ అడగరు.

అక్టోబర్ 10, గురువారం. సద్దుల బతుకమ్మ

వాడకట్టు ఆడోళ్లంతా చుట్టూ తిరుగుతున్నరు. గునుగు, తంగేడు, బంతిపూల గోపురాలు నడుమ. వలయం బయట స్టాండు పెట్టి అమ్మ వెంట ప్యాన్ చేస్తే కొద్దిసేపటికే ఎవరో ఒకరు అడ్డం వస్తరు. నడుమన నిలబడి చుట్టూ తిప్పుదామంటే అక్కడ బతుకమ్మలున్నయి, మనకు చోటు లేదు, ఉండకూడదు కూడా.

హెడ్ లాక్ చేసి వదిలేసిన. వలయమే ఫ్రేములోకి వచ్చి పోయింది, ముఖం తర్వాత ముఖం, చప్పట్ల లయతో. తిరిగేది వాళ్లయినప్పుడు కెమెరా కూడా తిరుగుడెందుకు? ఫ్లూయిడ్ హెడ్ కొన్న కొత్తలో ప్రతి షాట్‌లో ప్యాన్ పెట్టే పిల్లగాండ్లను చూస్తున్న. డబ్బులు పెట్టి కొన్నం కదా అని తిప్పుతరు.

లాక్ చేసినప్పుడు, ప్యాన్ చేసినప్పుడు కెమెరా లోపలి స్టెబిలైజేషన్ బందు పెట్టాలె. చెయ్యి ఆగినా అది తన సొంత తెలివితో ఫ్రేమును కొంచెం జరుపుతది. వీధి దీపాల కింద 25 ఫ్రేములు, షట్టరు యాభైలో ఒక వంతు. మన కరెంటు 50 హెర్ట్జ్, దానికి అది సరిపోతది. లేకుంటే లైట్లు మిణుకుతయి.

అక్టోబర్ 20, ఆదివారం. కుంటాల

కడెం వాగు 147 అడుగుల నుంచి దూకే చోటు. పై నుంచి కింది మడుగు దాకా టిల్ట్ చేయాలంటే స్ప్రింగు ఎట్లున్నదో తేలిపోతది. అన్న హెడ్ స్ప్రింగు వయసు మీద పడ్డది. సగం దాటినంక కెమెరా బరువంతా నా మణికట్టు మీదనే. పిడికి రబ్బరు బ్యాండు తగిలించి దాన్ని పట్టుకుని లాగితే కుదుపు చాలా తగ్గింది. పైసా ఖర్చు లేని డ్రాగ్.

మెట్ల మీద సరంజామా మోసి మోకాళ్లు పట్టేసినయి. కింద బండల మీద, కాళ్ల అడుగున సాగే స్ప్రెడరు ఎక్కడా ఆనలేదు. కాళ్ల నడుమ ఉండే స్ప్రెడరు ఉంటే ఒక కాలు బండ మీద, ఒక కాలు సందులో పెట్టుకోవచ్చు. కొనే లెక్కలో రాసుకున్న.

అక్టోబర్ 27, ఆదివారం. గుడిరేవు

రాయపట్నం వంతెన మీదుగా గోదావరి దాటి పోయిన. గుస్సాడీ ఆటగాళ్లున్న గోండుల దండారీ బృందాలు పద్మల్‌పురి కాకో గుడికి వస్తున్నయి. నాకు తెలిసిన ఉట్నూరు సారు ముందే చెప్పి పెట్టిండు, "రామ్ రామ్ చెప్పాలె, పెద్దమనిషిని అడగాలె, గుస్సాడీలను ముట్టొద్దు, దీక్షలో ఉంటరు" అని. ఎక్కడ చూసినా మార్లవాయి కనకరాజు గారి ముచ్చటే. గుస్సాడీకి 2021లో పద్మశ్రీ తెచ్చిన మనిషి, మొన్ననే పోయిండు. ఆయన నేర్పిన పిల్లలు ఈ బృందాల్లో ఉన్నరని సారు వేలు పెట్టి చూపించిండు.

అదే మార్లవాయిలో కుమ్రం భీం తర్వాతి కాలంలో మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ దొర గుడిసె వేసుకుని ఉన్నడు. ఆయన ఫొటోలు, 16 ఎం.ఎం. ఫిల్ములు లండన్‌లో సోయాస్ వాళ్ల దగ్గర ఉన్నయి. ఆ రోజుల్లో అడవి దారుల్లో స్టాండు ఎవరు మోసేటోళ్లో అని నాకెప్పుడూ ఒక ఆలోచన.

నెమలి ఈకల టోపీ, ఒంటికి బూడిద, చేతిలో కర్ర. గుస్సాడీ ఎప్పుడు ఏ దిక్కు ఎగురుతడో ముందు తెలియదు. డప్పు మారుతది, దానితో అడుగు మారుతది. ఫ్లూయిడ్ హెడ్ ఆ ఎగురుడును అందుకోలేదు, అందుకోవాలని చూస్తే అన్నీ ఆలస్యమైన ప్యాన్లే. డ్రాగ్ మొత్తం తీసేసి, వెడల్పు లెన్సు పెట్టి, కెమెరాను నడుమెత్తుకు దించి, మనిషికి ఎగరడానికి పైన చోటు వదిలి తీసిన. ఈకల టోపీ చివర తెగకుండ వచ్చింది. జనం పెరిగినంక మూడు కాళ్లు తీసేసి మోనోపాడ్. ఇట్లాంటి చోట మూడు కాళ్లు పరచుడంటే ఇంకొకరి నిలబడే జాగ గుంజుకునుడే.

గుస్సాడీ కోసమే హెడ్ కొనాలంటే అసలు హెడ్ కొనొద్దు. కాని దండారీలో డప్పు కొట్టేటోళ్ల ముఖాలున్నయి, ఒడ్డు మీద కూర్చున్న ముసలమ్మలున్నరు. వాళ్ల కోసం 70-200 కావాలె, దాని కింద గట్టి హెడ్ కావాలె.

నవంబర్ 24. కార్తీకం పెండ్లిళ్లు

రాయడానికి టైము లేదు. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు: లాక్. అప్పగింతలు: పొడుగు లెన్సు, డ్రాగ్ ఎక్కువ, చెయ్యి పిడి మీద ఉందో లేదో అన్నట్టు. బరాత్: మోనోపాడ్. పిల్లలు స్టాండు కాళ్ల నడుమ నుంచి పాకుతున్నరు, ఇసుక సంచి కావాలె.

డిసెంబర్ 15, ఆదివారం

అయిపోయింది. హైదరాబాద్‌లో ఒక ఆపరేటరు పెద్ద కెమెరాకు మారుతూ అమ్మేసిన సెకండ్ హ్యాండ్ హెడ్. స్ప్రింగు మెట్లు మెట్లుగా మారుతది, డ్రాగ్ కూడా. నా రెండు బరువులకు రెండు వేర్వేరు మెట్లు. ప్లేటు ముందుకూ వెనక్కూ పొడుగ్గా జరుగుతది, లెన్సు మార్చినప్పుడల్లా బరువు నడుమకు తెచ్చుకోవచ్చు. అన్న తన 75 మి.మీ. బౌల్ ఉన్న పాత అల్యూమినియం కాళ్లు ఇచ్చిండు, రెండు గొట్టాల జోడు కాళ్లు, కొత్తవాటికంటే బరువు, కొత్తవాటికంటే గట్టి. కింది కప్పును వదులు చేసి, హెడ్‌ను జరిపి బుడగను నడుమకు తెచ్చి, బిగిస్తే అయిపాయె. మానేరు కట్ట మీద ఒక కాలు పల్లంలో ఉన్నా నీటి గీత ఆ కొస దాకా సాపుగా వచ్చింది.

కొత్తగా మొదలుపెట్టే ఏ ఫొటోగ్రాఫరైనా అడిగితే డబ్బులో సగం కాళ్లకే పెట్టమంట. సన్నటి కాళ్ల మీద ఎంత మంచి హెడ్ పెట్టినా, ప్యాన్ మొదట్లో కాళ్లే మెలిపడి, ఆపినంక విప్పుకుంటయి. దాన్ని అందరూ హెడ్ లోపం అనుకుంటరు. చేతిలో పైసలు తక్కువుంటే స్ప్రింగు మారని హెడ్ తీసుకున్నా తప్పు లేదు, తన బరువైన లెన్సుకు సరిపోయేది చూసుకుని, తేలిక లెన్సు పెట్టినప్పుడు ఇంత బరువు జోడిస్తే సరి.

అమ్మ ధర అడిగింది. సగం చెప్పిన.

2025 జనవరి 28, మంగళవారం. కేస్లాపూర్

పుష్య అమావాస్య. గోండుల సర్పదేవత నాగోబా మహాపూజ రాత్రి. మెస్రం వంశపోళ్లు హస్తినమడుగు నుంచి నడిచి తెచ్చిన గోదావరి జలంతో మర్రిచెట్ల కింద విడిది చేసి ఉన్నరు. వాళ్లు తామే చందాలు వేసుకుని కట్టుకున్న రాతి గుడి లైట్లలో మెరుస్తున్నది. లోపలికి కెమెరా తీసుకపోవాలని నేను అడగలేదు. బయట ఎక్కడ నిలబడాలెనో సారు పెద్దలను అడిగి చూపించిండు, రోడ్డు పక్క ఎత్తు గడ్డ మీద.

ఇంద్రవెల్లి దిక్కు చలి గురించి వినుడు వేరు, అందులో నిలబడుడు వేరు. రాత్రి పెరిగినకొద్దీ హెడ్ బరువెక్కింది. కరీంనగర్‌లో రెండు మీద ఉన్న డ్రాగ్ ఇక్కడ మూడు లెక్క నడుస్తున్నది. లోపలి ద్రవం చలికి చిక్కబడ్తది కదా. మొదట నేను పిడిని ఎక్కువ తోస్తుంటే ఫ్రేము కొంచెం ఆలస్యంగా కదిలి, ఆపాల్సిన చోటు దాటి పోతున్నది. ఒకటికి దించిన. తీసేముందు హెడ్‌ను అటు ఇటు నిండా కొన్నిసార్లు తిప్పితే ద్రవం కొంచెం సడలుతదని కూడా తెలిసింది. కారులో వెచ్చగా పెట్టుకునుడు కంటే, కెమెరాతో పాటు ముందే బయట పెట్టుడే మేలు, డ్రాగ్ ఎంతకు వచ్చి ఆగుతదో షాటుకు ముందే తెలుస్తది.

తెల్లబట్టల వరుస చెట్ల కింద నుంచి గుడి దిక్కు కదిలింది. 70-200, స్ప్రింగు పై మెట్టు మీద. ముందు నడిచే పెద్దాయన నుంచి మొదలుపెట్టి వరుస వెంట వెనక్కి తిప్పిన, ఏడు సెకన్ల లెక్క కంటే ఇంకా నిదానంగా. ఎవరో భుజం తగిలినా ఫ్రేము ఎగరలేదు, పక్కకు మెత్తగా జరిగి ఊరుకుంది. ఎడిటింగ్‌లో ఉంచుకోవచ్చు.

పూజ తర్వాత కొత్త కోడండ్లను దేవునికి పరిచయం చేసే భేటింగ్. అది తీయొద్దనే అనుకున్న, హెడ్ ప్లేటు విప్పి సంచిలో పెట్టేసిన. తీసినదంతా ఒక డ్రైవ్‌లో వేసి సారుకు ఇవ్వాలె, ఆయన పెద్దలకు చూపించి ఏది ఉంచాలెనో చెప్తనన్నడు. 31న దర్బారు, పగటి పూట, ఎండ ఉంటది. డ్రాగ్ మళ్లీ రెండు. బ్యాటరీలు ఉట్నూరులో చార్జింగు పెట్టుకోవాలె, మోనోపాడ్ రబ్బరు అడుగు ఊడిపోయింది, దొరికితే మార్పించాలె.